దిబ్బతోపు కల్లు

ముందు కుండల చప్పుడు వినబడేది. మనిషి ఆ తరవాత.

మాఘమాసపు మంచులో దిబ్బ మీది తాటితోపు ఇంకా ఒకే నల్లటి ముద్దగా ఉండగానే, ఆ నలుపులోంచి మట్టి మట్టిని తాకే చప్పుడు ఆగి ఆగి కిందికి దిగేది. కల్లులొట్లు నిండుగా ఉన్న రోజు ఆ చప్పుడు మొద్దుగా, నిద్రపోయే బిడ్డ వీపు తట్టినట్టు ఉండేది. వెలితిగా ఉన్న రోజు గలగలలాడేది. కింద పుంతబాటలో బళ్ళు కట్టుకునేవాళ్ళు చెవి అటు వేసి, "ఇవాళ చెట్లు దయతల్చినట్టున్నాయిరా" అనుకునేవారు. కాసేపటికి మంచు పలచబడి, నెత్తిన కుండతో, రెండు చేతులా తాటినారతో జతకట్టిన లొట్లతో బుల్లెమ్మ బయటపడేది. పొడగరి. నడుస్తుంటే కుండలోని నురగ కదిలేది గాని కుండ కదిలేది కాదు.

ఆ చుట్టుపక్కల కల్లు అమ్మే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. దిబ్బకల్లు అమ్మేది మాత్రం ఆవిడ ఒక్కతే. దిబ్బ ఒక్కటే కాబట్టి.

గోదావరి సముద్రానికి దగ్గరపడుతూ పాయలుగా విడిపోయే చోట, పల్లపు భూముల నడుమ, పడుకున్న ఎద్దు మూపురంలా లేచి ఉండేది ఆ ఇసుకదిబ్బ. ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా ఉండేదని, ఎందుకో అలిగి వెనక్కి వెళ్ళిపోయిందని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. గుంజ పాతడానికి గొయ్యి తీస్తే చేతికి తెల్లటి గుల్లలు తగిలేవి. వేసవిలో పడమటి గాలి కొట్టినప్పుడు ఆ ఇసుక పెనంలా కాగేది. పొద్దు వాలగానే సముద్రం మీంచి పైరగాలి వచ్చి, జ్వరం తగ్గిన ఒంటిలా చల్లబడేది. కాగడం, చల్లబడడం. ఈ రెంటి మధ్య నిలబడి ఉండేవి తాటిచెట్లు. వాటిని గీసేది బుల్లెమ్మ మొగుడు వెంకన్న. అంతకుముందు అతని తండ్రి.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్టకి రాళ్ళు పడుతున్న రోజుల్లో, కోరుకొండ పక్క మెట్టలో పుట్టింది బుల్లెమ్మ. ఆమె తండ్రి కూడా గీతగాడే. అక్కడి ఎర్రమట్టిలో తాటిచెట్లు పొట్టిగా, కోపంగా పెరుగుతాయి. కల్లు వగరుగా ఉంటుంది. ఆ వగరే కల్లు రుచి అనుకుని పెరిగింది ఆ పిల్ల.

పెళ్ళయి దిబ్బకి వచ్చిన మర్నాటి పొద్దున, అత్తవారింట్లో ఆమె ముందు మూడు తాటాకు దొప్పలు పెట్టారు. కొత్తకోడలికి నాలుక పెట్టించడం ఆ ఇంటి ఆనవాయితీ. ఒక దొప్పలో ఏటి నడుమ లంక కల్లు, ఒకదాంట్లో పల్లపు చేలగట్ల కల్లు, మరోదాంట్లో దిబ్బకల్లు. ఏది ఏదో చెప్పరు. మావగారు పీట మీద కూచుని, "తాగి చెప్పమ్మా, ఏది బాగుంది" అన్నాడు.

బుల్లెమ్మ మూడూ గుటకేసింది. తల వంచుకునే, "మొదటిదండి మావయ్యా" అంది.

ఇల్లంతా గొల్లున నవ్వింది.

"లంక కల్లు మెచ్చిందిరా వెంకన్నా, నీ పెళ్ళాం" అంది అత్త. "లంకలో చెట్లు గీసే చిట్టియ్యకి ఇచ్చి చేయాల్సిన పిల్లని మనం తెచ్చుకున్నట్టున్నాం. ఇంకా మించిపోయిందేం లేదు, పడవ కట్టించు."

గుంజ వెనక నిలబడిన వెంకన్న నేలకేసి చూస్తూ కాలి బొటనవేలితో ఇసుక గీస్తున్నాడు. మావగారు మాత్రం నవ్వలేదు.

"పిల్ల తప్పు చెప్పలేదు. పొద్దున్న లంక కల్లే బాగుంటాది. ఆ మూడూ అక్కడే ఉండనీండి. అన్నం తిన్నాక మళ్ళీ చూద్దాం."

ఎండ నడినెత్తికెక్కాక మళ్ళీ పిలిచారు. లంకది పులిసి ముక్కులోకి కొట్టింది. పల్లపుది నీరై చప్పబడింది. మూడోది నాలుక చివర ఉప్పులా తగిలి, అది ఉప్పేనా అని ఆలోచించేలోపు తియ్యగా మారి, గొంతు దిగాక ఎప్పటికో, ఎండిన నేల మీద తొలివాన చినుకు పడ్డప్పటి వాసనై పైకి వచ్చింది. బుల్లెమ్మ దొప్ప కింద పెట్టలేదు.

"అదీ మనది" అన్నాడు మావగారు. "తాటిచెట్టు దాహంతో ఉండాల తల్లీ. లంకలో ఒండ్రుమట్టి. జానెడు లోతులో నీళ్ళు. కడుపు నిండిన చెట్టు పైకి నీళ్ళే పంపుద్ది. ఇక్కడ నీళ్ళ కోసం వేరు కిందికి, ఇంకా కిందికి పోవాల. దారిలో ఏవేవో చూసుకుంటా పోద్ది. ఆ చూసిందంతా వచ్చి మనకి చెప్పుద్ది."

ఆ రోజునుంచి తోపు కింద పాకలో కూచుని కల్లు అమ్మడం బుల్లెమ్మ పని అయింది. ప్రతి పొద్దునా మొదటి దొప్ప తను తాగి చూశాకే ఎవరికైనా పోసేది. అలా చూస్తూ చూస్తూ ఆమెకి ఏళ్ళు రుచుల్లో గుర్తుండిపోయాయి. ఉప్పెన వచ్చిన మరుసటి వేసవిలో కల్లుకి సముద్రపు కోపం పట్టుకుంది. వానలు ఎగ్గొట్టిన ఏడు లొట్టి అడుగున ఇంతే దిగింది గాని, అది తేనెలా చిక్కగా ఉంది. పెద్దకొడుకు పుట్టిన ఏడు మంచు చైత్రందాకా కురిసి, కల్లుకి మల్లెల చల్లదనం వచ్చింది. ఆ కొడుకు వయసెంత అని ఎవరైనా అడిగితే, ఆమె ముందు ఆ కల్లును తలచుకుని తరవాత లెక్క కట్టేది.

వెంకన్న మాటలు తక్కువ మనిషి. కొయ్యపలక మీద పలుగురాతి పొడి చల్లి కత్తి నూరుకుంటున్నప్పుడు మాత్రం అతని మొహంలో ఏదో వెలిగేది. తాటిగెలని అతను ఉల్లిపొర మందాన గీసేవాడు. అతని ఇంటి నియమం ఒక్కటే. దిబ్బకల్లులో ఇంకో కల్లు కలపకూడదు. నిన్నటిది ఇవాళ్టిదాంట్లో కలపకూడదు. సాయంత్రానికి మిగిలితే ఇసుకలో పారబోసేవారు. ఎంత మిగిలినా అంతే. వైశాఖంలో ఊరి అమ్మవారి జాతరకి మొదటి కుండ దిబ్బనుంచే వెళ్ళేది. తాతల కాలంనుంచీ ఆ కుండ మోసింది ఆ ఇంటి మగవాడే.

ఆ తరవాత కాలవ వచ్చింది.

ఆనకట్ట కట్టిన ఇరవై ఏళ్ళకి కాబోలు, పెద్దకాలవనుంచి ఒక పిల్లకాలవ తవ్వుకుంటూ దిబ్బ పాదాలదాకా తెచ్చారు. కాలవలో మొదటిసారి నీళ్ళు వదిలిన రోజు ఊరు ఊరంతా గట్టు మీద నిలబడింది. బుల్లెమ్మ కూడా పిల్లల్ని చంకనేసుకుని వెళ్ళింది. ఎర్రటి నీళ్ళు ఎండుటాకుల్ని ముందుకు తోసుకుంటూ, కొత్తచోటుకి వచ్చిన మనిషిలా తడుముకుంటూ వస్తుంటే ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. తన తల్లి కరువులో చింతగింజలు ఉడకబెట్టుకు తిన్న కథలు ఆమె విన్నది. ఆ ఏడాదినుంచి తన పిల్లలు నడివేసవిలో కూడా వరన్నం తిన్నారు. కాలవకి పసుపూ కుంకుమా వేసి దణ్ణం పెట్టినవాళ్ళలో ఆమె ఒకతి.

కొన్ని వేసవులు అలాగే గడిచాయి. తరవాత ఒక పొద్దున మొదటి దొప్ప తాగి, బుల్లెమ్మ ఇంకో దొప్ప పోసుకుంది. తన నోరే బాగాలేదనుకుని, నీళ్ళు పుక్కిలించి మూడోది తాగింది. నాలుక చివర ఏదీ తగల్లేదు. తియ్యగానే ఉంది. నురగా బాగానే ఉంది. కాని గొంతు దిగిన తరవాత ఏదీ తిరిగి రాలేదు, పొలిమేర దాటిన మనిషి వెనక్కి చూడనట్టు.

అంతలో బండి దిగి వచ్చాడు అమ్మిరాజు. రాజమండ్రికి ధాన్యం తోలేవాడు. ఆ తోపు కల్లు అతనికన్నా ఎక్కువ తాగినవాడు ఊళ్ళో లేడని అతనే చెప్పుకునేవాడు. దొప్ప ఎత్తి సగంలో ఆపాడు.

"ఏంటే బుల్లెమ్మా, ఇవాళ గోదారమ్మని కూడా ఇందులో దింపేరా?"

"రాత్రి ఏం తిని పడుకున్నావో ముందు అది చెప్పన్నయ్యా" అంది బుల్లెమ్మ.

"మీ వదిన వండింది తిన్నాను. దానికే ఈ నాలిక చావలేదు, ఇప్పుడు చస్తాదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బుల్లెమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ కుండ మూతి గుడ్డతో కప్పింది.

మరుసటి ఏడు చెట్లు ఇంకా ఎక్కువ కారాయి. లొట్టి అంచులదాకా నిండి పొంగేది. అదే కొంప ముంచింది. కల్లు ఎక్కువైంది, రుచి తగ్గింది. దీనికి ఊళ్ళో ఎవరికైనా తోచే అర్థం ఒక్కటే. వెంకన్న పల్లపు కల్లు తెచ్చి దిబ్బకల్లులో కలుపుతున్నాడు. మొదట వెనకాల అనుకున్నారు. తరవాత పాకలో కూచునే అన్నారు. తాటిచెట్టుకీ కాలవకీ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టలేదు. నీళ్ళు పోసి తాడిని పెంచినవాడు లోకంలో ఎవడున్నాడు గనక?

వెంకన్న కొత్త కత్తి చేయించాడు. లొట్లన్నీ పగలగొట్టి కొత్తవి కాల్పించాడు. చివరికి సముద్రపు ఒడ్డునుంచి ఉప్పటి చౌడుమట్టి గంపలతో మోసుకొచ్చి చెట్ల మొదళ్ళలో పొయ్యడం మొదలుపెట్టాడు. భుజం తోలు లేచిపోయింది. పుంతలో పోయేవాళ్ళు ఆగి చూసేవారు.

"ఏం చేస్తన్నావు బావా?" అని అమ్మిరాజు అడిగితే, "ఏం లేదు" అనేవాడు.

"ఉప్పు వేస్తన్నావు సరే. కారం, ఆవపిండి కూడా వేసెయ్యి. తాడిచెట్టు ఆవకాయ మేమెప్పుడూ తిన్లేదు."

ఆ మాట ఊరంతా పాకింది. వెంకన్న కనబడితే చాలు, "ఆవకాయ ఊరిందా?" అని పలకరించేవారు.

ఒక మధ్యాహ్నం బుల్లెమ్మ ఆ చౌడుమట్టి ఎక్కడిదాకా పోశాడో చూద్దామని తోపులోకి వెళ్ళి, చెట్టు మొదట్లో చేత్తో ఇసుక తోడింది. మోచేతిలోతు కూడా పోకుండానే ఇసుక తడిగా, చల్లగా వేళ్ళకి అంటుకుంది. ఇంకాస్త తోడితే గోతి అడుగున నీళ్ళు మెల్లగా ఊరాయి. నోట్లో వేసుకుంది. తియ్యటి నీళ్ళు. కాలవ ఊట. మావగారి మాట ఇన్నేళ్ళకి పూర్తిగా అర్థమైంది. చెట్లకి దాహం తీరిపోయింది.

ఆ సాయంత్రం వెంకన్న చెట్టు దిగగానే చెప్పింది. "మావా, తప్పు నీ చేతిది కాదు. కాలవది. దిబ్బ కిందంతా ఊట పట్టేసింది."

వెంకన్న నడుముకున్న మోకు విప్పుకుంటూ, "తెలుసు" అన్నాడు.

"తెలుసా? ఎప్పటినుంచి?"

"కిందటేటినుంచి."

"తెలిసీ ఈ మట్టి మోతేంటి? తెలిసీ నలుగురిలో చెప్పవేంటి?"

అతను మోకుని చుట్టచుట్టి మేకుకి తగిలించాడు.

"చెప్తే దిబ్బకల్లు పోయిందని చెప్పినట్టే కదే. ఇప్పుడేమనుకుంటన్నారు? దిబ్బకల్లు ఉంది, వెంకన్నే పాడుచేస్తన్నాడు అనుకుంటన్నారు. అనుకోనీ. నేను పోయాక అయినా, అది ఉందనే అనుకుంటారు."

బుల్లెమ్మకి ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది.

"నువ్వు దొంగవైతే నేను దొంగ పెళ్ళాన్ని కానా? రేపు పిల్లల్ని ఎవరింటికి పంపినా, కల్లు కలిపేవాడి పిల్లలనే అంటారు. చెట్టు పరువు కోసం మనుషుల పరువు తీస్తావా?"

అతను కొయ్యపలక ముందు కూచుని కత్తి నూరడం మొదలుపెట్టాడు.

జాతర దగ్గరపడింది. ఊరి పెద్ద భీమరాజు గారు వెంకన్నని పిలిపించారు. అరుగు కింద వెంకన్న, అతని వెనక బుల్లెమ్మ నిలబడ్డారు. భీమరాజు గారు మెత్తగానే మాట్లాడారు.

"వెంకన్నా, ఈ ఏడు మొదటి కుండ లంకనుంచి తెప్పిద్దామంటున్నార్రా. అమ్మవారికి కలిపిన కల్లు పోస్తే ఊరికి మంచిది కాదంటున్నారు. నువ్వు కలిపేవని నేననట్లేదు. అంటున్నారు."

వెంకన్న, "తవరి చిత్తం" అని తల వంచుకున్నాడు. అంతే. ఆ రెండు మాటలతో ముగిసిపోయేదే. బుల్లెమ్మ ముందుకు జరిగింది.

"రాజు గారండి, ఒక్క మాటండి. తవరు రేపు తోపులోకి దయచెయ్యండి. పొద్దున్న కొత్త లొట్టి తవరి పాలేరు చేతే అందించండి. నలుగురూ చెట్టు కిందే కూచోండి. సాయంత్రం అందరి కళ్ళముందు దింపుతాడు. అప్పుడు చూడండి."

వెంకన్న ఆమెకేసి చూసిన చూపు ఆమెకి జన్మంతా గుర్తుంది. అందులో కోపం లేదు. అడగవద్దన్నది అడిగేసిన బిడ్డని చూసినట్టు ఉంది.

"బాగానే ఉంది" అన్నారు భీమరాజు గారు. "నేను ముట్టను. నా బదులు అమ్మిరాజు నాలిక ఉంది. దాని వయసు నాకంటే ఎక్కువ."

మర్నాడు తోపు తిరణాలలా ఉంది. వెంకన్న అందరూ చూస్తుండగా చెట్టెక్కి, గెల గీసి, కొత్త లొట్టి కట్టి దిగాడు. జనం చెట్టు నీడతోపాటే జరుగుతూ పొద్దంతా కూచున్నారు. కొందరు పేకాడారు, కొందరు నిద్రపోయారు. అమ్మిరాజు, "నోరు శుద్ధిగా ఉంచుకోవాల" అని చుట్ట కూడా కాల్చకుండా నానా యాతన పడ్డాడు.

పొద్దు వాలాక వెంకన్న మళ్ళీ ఎక్కాడు. మోకు చెట్టుని ఒరుసుకునే చప్పుడు పైకి పైకి పోయి ఆగింది. అతను లొట్టి విప్పాడు. దాని మూతి దగ్గర మొహం పెట్టాడు. తరవాత కదల్లేదు.

బుల్లెమ్మకి మాత్రమే తెలుసు అతను ఏం ఆలోచిస్తున్నాడో. చెయ్యి జారిందంటే చాలు. లొట్టి కింద పడి పగులుతుంది. రుచి ఎవరికీ తెలియదు. దిబ్బకల్లు దిబ్బకల్లుగానే ఉంటుంది, వెంకన్న దొంగగానే ఉంటాడు. పైరగాలికి తాటాకులు గలగలమంటున్నాయి. ఆమె తలెత్తి చూస్తూ ఉంది. పిలవలేదు. సైగ కూడా చెయ్యలేదు. ఆకుల నడుమనుంచి అతను కిందికి, సూటిగా ఆమెకేసి చూశాడు.

తాడు కట్టిన లొట్టి మెల్లగా, ఎక్కడా తొణక్కుండా కిందికి దిగింది.

అమ్మిరాజు దొప్పలో పోయించుకుని తాగాడు. మళ్ళీ తాగాడు. వేళాకోళమాడే అతని మొహం మీద ఆ రోజు వేళాకోళం లేదు.

"కలపలేదండి రాజు గారు. చెట్టుదే."

"మరి?"

"అది కాదండి ఇది." దొప్పలోకి చూస్తూ చెప్పాడు. "చెట్టు అదే. మనిషీ అదే. కల్లు మాత్రం అది కాదండి."

బుల్లెమ్మ వాళ్ళని పిలిచి చెట్టు మొదట్లో గొయ్యి చూపించింది. ఒకరి తరవాత ఒకరు వంగి, ఊరే నీళ్ళలో వేలు ముంచి నాలుకకి రాసుకున్నారు. కాలవని ఏమంటారు? అందరి ఇళ్ళల్లోనూ ఆ నీళ్ళ అన్నమే ఉడుకుతోంది.

చెట్టు దిగిన వెంకన్న భీమరాజు గారి ముందు నిలబడి, "మొదటి కుండ లంకనుంచే తెప్పించండి. అమ్మవారికి మంచిదే పొయ్యాల" అన్నాడు.

"తెప్పిస్తాను" అన్నారాయన. "మోసేది మాత్రం నువ్వే."

ఆ వైశాఖంలో లంక చిట్టియ్య కుండ పట్టుకుని పడవ దిగి, దాన్ని తన చేతులతో వెంకన్న నెత్తిన పెట్టాడు. ఆవకాయ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. దిబ్బకల్లు అన్న మాట కూడా మెల్లమెల్లగా పోయింది. జనం బుల్లెమ్మ పాకకి వచ్చి ఊరికే, "కల్లు పొయ్యి" అనేవారు.

చాలా ఏళ్ళ తరవాత, లాకులు బాగుచెయ్యడానికని ఒక వేసవి పొడుగునా కాలవ కట్టేశారు. గట్ల మట్టి నెర్రెలు విచ్చింది. వడగాలికి దిబ్బ పాతరోజుల్లోలా కాగింది. ఒక సాయంత్రం వెంకన్న, దిబ్బ నడినెత్తిన ఉన్న చెట్టునుంచి చిన్న ముంత ఒకటి పట్టుకుని దిగాడు. ఏమీ చెప్పకుండా బుల్లెమ్మకి ఇచ్చాడు. ఆమె గుటకేసి కళ్ళు మూసుకుంది. నాలుక చివర తగిలింది. తియ్యగా మారింది. గొంతు దిగి, చాలాసేపటికి, ఎక్కడో దూరంగా వాన మొదలైంది.

"ఎవరికైనా చెప్దామా మావా?" అంది.

"వద్దులే" అన్నాడు వెంకన్న. ఇద్దరూ ఆ ముంత ఖాళీ అయ్యేదాకా పాక గుమ్మంలో కూచున్నారు. వానాకాలం రాగానే కాలవలో నీళ్ళు వదిలారు.

వెంకన్న పోయాక చెట్లు వేరేవాళ్ళు గీశారు. ఇప్పుడు తోపులో సగం లేదు, దిబ్బ అంచులు చదునుచేసి ఊడ్పు ఊడుస్తున్నారు. బుల్లెమ్మ మనవళ్ళ ఇంట్లో, వసారా నులకమంచం మీద, అక్కడినుంచి పచ్చగా కనబడే చేలు చూసుకుంటూ ఉంటుంది. చేలని చూసి ఆమె ఏనాడూ నిట్టూర్చలేదు. ఈ సంగతులన్నీ రాసుకోవడానికి ఊరి బడిపంతులు రోజూ సాయంత్రం వెళ్ళేవాడు. చివరిరోజున, ఇంతకీ ఆ రుచి సరిగ్గా ఎలా ఉండేదో ఇంకొక్కసారి చెప్పమని అడిగాడు. ఆమె నాలుక పైపెదవికి తగిలించి కాసేపు వెతుక్కుంది. తరవాత తల అడ్డంగా ఊపి, బోసినోటితో నవ్వింది.

"రుచి సంగతి మీకు తోచినట్టు రాసుకోండి పంతులు గారు, కాదనడానికి ఎవరూ మిగల్లేదు. ఆయన కలపలేదన్న మాట మాత్రం ఉన్నదున్నట్టు రాయండి."